ఒక్కరే కారేసుకుని నేషనల్ పార్కులకు: మీ ప్రశ్నలు, నా జవాబులు

అమెరికా నేషనల్ పార్కుల్లో ఒంటరిగా తిరగడం, టెంటు వేసుకుని పడుకోవడం గురించి అడగాలనుకున్నవి రాయమని పోయిన సంచికలో అన్నాం కదా, ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఎక్కువమంది యూటా రాష్ట్రంలోని పార్కుల గురించే అడిగారు కాబట్టి జవాబులు కూడా ఎక్కువగా అటే పోతాయి. ఒకే ప్రశ్న పదిమంది అడిగిన చోట ఒకటే తీసుకున్నాను.

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్టోబర్ మొదటి వారంలో నాలుగు రోజులు సెలవు దొరికింది. వస్తామన్న ఫ్రెండ్స్ అందరూ ఒక్కొక్కరే జారుకున్నారు, ఇక ఒక్కదాన్నే వెళ్ళాలని ఫిక్సయ్యాను. లాస్ వేగస్‌లో దిగి కారు అద్దెకు తీసుకుని జయాన్, బ్రైస్ కాన్యన్, క్యాపిటల్ రీఫ్, ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్, వీలైతే గ్రాండ్ కాన్యన్ కూడా చూసుకుని మళ్ళీ వేగస్‌కి రావాలి. ఎక్కడ చీకటి పడితే అక్కడ టెంటు వేసుకుంటాను. ఒంటరిగా క్యాంపింగ్ ఇదే మొదటిసారి. కుదురుతుందా?

జవాబు: కారు నడపడం కుదురుతుంది, పార్కులు చూడటం కుదరదు. ఒకసారి లెక్క వేద్దాం. వేగస్ నుంచి జయాన్ 160 మైళ్ళు, అక్కడి నుంచి బ్రైస్ 85, బ్రైస్ నుంచి హైవే 12 మీదుగా క్యాపిటల్ రీఫ్ 120, ఆర్చెస్ ఉన్న మోఆబ్‌కి ఇంకో 145, మోఆబ్ నుంచి వెనక్కి వేగస్‌కి 450కి పైనే. గ్రాండ్ కాన్యన్ కలపకుండానే దాదాపు వెయ్యి మైళ్ళు అయింది. పైగా హైవే 12 ఫ్రీవే కాదు, రెండు లేన్ల కొండ దారి. ఒకచోట రోడ్డుకి రెండు పక్కలా లోయే ఉంటుంది, బౌల్డర్ మౌంటెన్ మీద 9,600 అడుగుల ఎత్తు ఎక్కి దిగుతుంది, మధ్యలో ఆవులు తీరిగ్గా రోడ్డు దాటుతుంటాయి. ఇద్దరుంటే ఒకరు నడుపుతుంటే ఒకరు కునుకు తీయొచ్చు. మీకు ఆ వీలు లేదు, నడిపేది మీరే, దారి చూసేది మీరే, సాయంత్రం టెంటు వేసేదీ వంట చేసేదీ మీరే.

కాబట్టి జయాన్, బ్రైస్, అంతే. మూడోది కలపొద్దు. నాలుగు రోజులకి రెండు పార్కులేనా అని మొహం ముడుచుకోకండి, దారిలో ఒక రాత్రి, జయాన్‌లో ఒక రాత్రి, బ్రైస్‌లో ఒక రాత్రి పోతే మీకు నిజంగా ఖాళీగా దొరికే టైమ్ మొత్తం కలిపి ఒకటిన్నర రోజు మించదు.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది మైళ్ళు కాదు, "ఎక్కడ చీకటి పడితే అక్కడ" అన్న మాట. పార్కు లోపల ఎక్కడపడితే అక్కడ టెంటు వేయనివ్వరు, రోడ్డు పక్కన కారాపి పడుకోనివ్వరు, రాత్రి రేంజర్ వచ్చి అద్దం కొట్టి లేపుతారు, జరిమానా కూడా పడొచ్చు. అక్టోబర్ మొదట్లో జయాన్ చుట్టుపక్కల క్యాంపుల్లో అప్పటికప్పుడు సైట్, అంటే టెంటు వేసుకునే చోటు, దొరకడం కష్టం. ఏడు దాటిన కాసేపటికే సూర్యాస్తమయం, ఆ తర్వాత తెలియని కొండ దారిలో, ఫోన్ సిగ్నల్ లేకుండా, ఆకలితో చోటు వెతుక్కుంటూ తిరగడం ఉందే, ఒంటరి ప్రయాణాల్లో పిచ్చి నిర్ణయాలన్నీ ఆ గంటలోనే జరుగుతాయి. అందుకే నేనెవరికైనా చెప్పేది ఒకటే: రోజుని రాత్రి నుంచి వెనక్కి ప్లాన్ చేసుకోండి. ముందు ఇవాళ పడుకునే చోటు ఏదో రాసుకోండి. చీకటి పడటానికి రెండు గంటల ముందు అక్కడుండాలి. అక్కడికి ఎంత డ్రైవ్, మధ్యలో ఎంత నడక అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. పొద్దున ఎన్నింటికి లేవాలో దానంతట అదే తేలుతుంది. ఏదైనా ఆలస్యమైతే చూసే చోట్లలో ఒకటి కొట్టేయండి, క్యాంపు చేరే టైమ్ మాత్రం కదపొద్దు.

ఇప్పుడు మీ రోజులు. వేగస్‌లో దిగిన రోజు సాయంత్రమే టెంటు పెట్టుకోకండి. అక్కడ పసిఫిక్ టైమ్, యూటాలో మౌంటెన్ టైమ్, రాష్ట్రం మారగానే ఒక గంట పోతుంది, చాలామంది మొదటి రోజే వెనకబడేది ఇక్కడే. దారిలో సెయింట్ జార్జ్‌లో ఏదో ఒక మోటెల్లో పడుకుని పొద్దున్నే జయాన్ చేరండి. అక్కడ వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌కి ఆరు నెలల ముందు నుంచే రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బుకింగ్ ఉంటుంది, మీకిప్పుడు నిండిపోయి కనిపించొచ్చు. వదిలేయకండి, ఆ వెబ్‌సైట్‌లోనే అలర్ట్ పెట్టుకునే వీలుంది, క్యాన్సిల్ అయిన సైట్లు తేదీ దగ్గర పడేకొద్దీ బయటికొస్తాయి, ఒక్కరికి ఒక చిన్న టెంట్ సైట్ దొరకడం పెద్ద కుటుంబానికి దొరికినంత కష్టం కాదు. వాచ్‌మన్‌లో ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. షటిల్ బస్సులు నడిచే సీజన్‌లో లోపలి సీనిక్ డ్రైవ్ అనే లోయ రోడ్డులోకి మన కార్లు పోనివ్వరు, విజిటర్ సెంటర్ దగ్గర పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. మీరు టెంటు దగ్గరే కారు వదిలేసి నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కొచ్చు. బస్సు ఉచితం. సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో పొద్దునే ఫోటో తీసి పెట్టుకోండి, అది తప్పితే కాన్యన్ చివరి నుంచి ఎనిమిది మైళ్ళ దాకా నడవాలి.

మూడో రోజు ఏడింటికల్లా టెంటు విప్పేసి తూర్పు వైపు టన్నెల్ మీదుగా బయల్దేరండి. 1930లో కొండని తొలిచి పూర్తి చేసిన సొరంగం అది, మైలుకి పైనే పొడవు, లోపల లైట్లు ఉండవు, చల్లద్దాలు తీసేసి హెడ్‌లైట్లు వేసుకోండి. పదిన్నర లోపల బ్రైస్‌లో ఉంటారు. ముందు విజిటర్ సెంటర్‌కి వెళ్ళి రాత్రి ఎంత చలి ఉంటుందో అడగండి, తర్వాత క్యాంప్‌గ్రౌండ్ చేరి సైట్ ఖాళీ అయి ఉంటే టెంటు వేసేయండి, ఆ తర్వాతే నడక. సన్‌రైజ్ పాయింట్ దగ్గర క్వీన్స్ గార్డెన్ దారిలో దిగి నవాహో లూప్ మీదుగా సన్‌సెట్ పాయింట్‌కి ఎక్కండి, మొత్తం మూడు మైళ్ళు, ఆరువందల అడుగుల ఎక్కుడు. తక్కువే అనిపిస్తుంది కానీ బ్రైస్ అంచు ఎనిమిది వేల అడుగుల పైన ఉంది, డాలస్ నుంచి వచ్చినవాళ్ళకి ఆయాసం వస్తుంది, ఇక్కడ దిగడం ముందు, ఎక్కడం ఆఖర్న. మధ్యాహ్నం రెండు గంటలు ఏమీ చేయకండి. నిజంగానే ఏమీ చేయకండి, కుర్చీలో కూర్చోండి. అయిదింటికి వంట, తిని గిన్నెలు సర్దేసి సూర్యాస్తమయానికి ఇన్‌స్పిరేషన్ పాయింట్ దగ్గరుంటే మళ్ళీ కారులో కొద్ది నిమిషాల్లో టెంటు దగ్గర ఉంటారు.

నాలుగో రోజు వేగస్‌కి నాలుగు గంటలకు పైగా డ్రైవ్. ఈసారి పోయిన గంట తిరిగి వస్తుంది. విమానం రాత్రిది పెట్టుకోండి.

ప్రశ్న: ఎంఎస్ స్టూడెంట్‌ని, ఫీనిక్స్ దగ్గర ఉంటాను. డబ్బులు తక్కువ. పార్క్ పాస్ కొనాలా? టెంటు లేకుండా కారులోనే పడుకుంటే సరిపోతుందా? ఉచితంగా క్యాంప్ చేసుకునే చోట్లు ఉంటాయట, నిజమేనా?

జవాబు: పాస్ సంగతి మీ దారిని బట్టి ఉంటుంది. జయాన్, బ్రైస్ గేటు దగ్గర కారుకి చెరో 35 డాలర్లు, ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ చెరో 30, క్యాపిటల్ రీఫ్ 20, ఒక్కో టికెట్ వారం చెల్లుతుంది. ఏడాది పాస్ 80. అంటే పై ఉత్తరం రాసినావిడలా జయాన్, బ్రైస్ రెండే చూస్తే 70తో అయిపోతుంది, పాస్ దండగ. వీటికి మూడో పార్కు కలిస్తేనో, ఏడాది లోపల ఇంకోసారి వెళ్ళే ఉద్దేశం ఉంటేనో కొనండి. క్యాపిటల్ రీఫ్‌లో ఇంకో సంగతి, హైవే 24 పార్కు మధ్యలోంచే పోతుంది, దాని మీద పోవడానికి టికెట్ లేదు, ఆ రోడ్డు పక్కనే ఫ్రీమాంట్ అనే పూర్వకాలపు స్థానిక ప్రజలు రాతిమీద చెక్కిన బొమ్మలు కూడా చూడొచ్చు. అక్కడి సీనిక్ డ్రైవ్‌లోకి వెళ్తేనే డబ్బు.

2026 నుంచి రూల్స్ మారాయి. 80 డాలర్ల పాస్ అమెరికాలో ఉంటున్నవాళ్ళకే, విదేశాల నుంచి వచ్చినవాళ్ళకి 250. అలా బయటి దేశాల నుంచి పాస్ లేకుండా వచ్చినవాళ్ళకి జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ లాంటి పదకొండు పార్కుల్లో మామూలు టికెట్ మీద మనిషికి ఇంకో వంద. మీరు ఇక్కడ ఉంటున్నట్టు చూపించే ఫోటో ఐడీ, అంటే స్టేట్ డ్రైవింగ్ లైసెన్స్ లాంటిది, జేబులో ఉంచుకోండి. వచ్చే ఎండాకాలం అమ్మానాన్నలని తీసుకెళ్తే మాత్రం ఈ లెక్క ముందే చూసుకోండి, గేటు దగ్గర తెల్లబోవాల్సి వస్తుంది.

కారులో పడుకోవడం తప్పు కాదు, ఎక్కడన్నదే ముఖ్యం. క్యాంప్‌గ్రౌండ్‌లో సైట్‌కి డబ్బు కట్టాక టెంట్లో పడుకున్నా కారులో పడుకున్నా మీ ఇష్టం. పార్కు లోపల ట్రైల్ (నడక దారి) దగ్గర పార్కింగ్‌లో మాత్రం పడుకోకూడదు. సెడాన్‌లో వెనక సీట్లు మడిచి కాళ్ళు డిక్కీలోకి చాపితే సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే ఒక రాత్రి పడుకుని చూడండి. అద్దాలు రెండువైపులా వేలెడంత దించండి, లేకపోతే పొద్దున లోపలంతా చెమ్మ. హీటర్ కోసం రాత్రంతా ఇంజన్ ఆన్‌లో పెట్టడం, కారులో స్టవ్ వెలిగించడం చేయొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. టెంట్లో కూడా అంతే.

ఉచిత చోట్లు నిజమే. పార్కు గేటు బయట చాలా భూమి బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌దో, నేషనల్ ఫారెస్ట్‌దో ఉంటుంది, బ్రైస్ చుట్టూ డిక్సీ నేషనల్ ఫారెస్ట్ ఉంది. అలాంటి చాలా చోట్ల పధ్నాలుగు రోజుల వరకు డబ్బు లేకుండా ఉండనిస్తారు. కానీ నీళ్ళు ఉండవు, టాయిలెట్ ఉండదు, చెత్త మీరే మోసుకుపోవాలి. మోఆబ్ దగ్గరైతే జనం ఎక్కువై గుర్తు పెట్టిన చోట్లలోనే వేయమంటున్నారు, మలాన్ని కూడా సంచిలో కట్టి తీసుకుపోవాలి, దానికి ప్రత్యేకంగా సంచులు అమ్ముతారు. మట్టిరోడ్డు ఇంకో చిక్కు. అద్దెకారు ఒప్పందాల్లో సాధారణంగా తారు లేని రోడ్డు మీదికి తీసుకెళ్ళకూడదని ఉంటుంది, అక్కడ టైరు పేలితే ఖర్చు మీదే, వాన పడితే ఆ ఎర్రమట్టి బంకలా మారి కారు అంగుళం కదలదు. మీకు పాతికేళ్ళు నిండకపోతే అద్దెకారుకి రోజుకింత అదనంగా కూడా వేస్తారు, అది బడ్జెట్లో కలుపుకున్నారా?

నా మాట వింటే మొదటిసారికి క్యాంప్‌గ్రౌండ్‌కే డబ్బు పెట్టండి. నీళ్ళ కుళాయి, టాయిలెట్, పక్క సైట్‌లో మనుషులు, ఆ డబ్బుకి ఇవన్నీ వస్తాయి. టెంటు, స్లీపింగ్ బ్యాగ్ కొనకండి. చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్ రిక్రియేషన్ సెంటర్ వాళ్ళు తక్కువ అద్దెకి ఇస్తారు, మీ క్యాంపస్‌లో ముందు అడగండి. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు టెంపరేచర్లు రాసి ఉంటే కంఫర్ట్ అన్నదే చూసుకోండి, రెండోది ముడుచుకుని పడుకుని ఎలాగోలా రాత్రి గడిపే లెక్క, హాయిగా నిద్రపట్టే లెక్క కాదు. కింద పరుచుకునే ప్యాడ్ విషయంలో కక్కుర్తి పడితే ఎంత మంచి బ్యాగ్ ఉన్నా నేల చలి వీపుకి కొడుతుంది.

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి అమెరికాలో ఉద్యోగం చేస్తోంది, ఈమధ్య ఒక్కతే కారేసుకుని అడవుల్లో టెంట్లో పడుకుంటానంటోంది. వద్దంటే వినదు. మాకిక్కడ నిద్రపట్టడం లేదు. ఆడపిల్ల ఒంటరిగా అలా ఉండొచ్చా? ఎవరైనా వస్తే?

జవాబు: అక్కా, మీ అమ్మాయి వింటుందో లేదో గాని మీరు దేనికి భయపడాలో మాత్రం చెప్పగలను. ఈ పార్కుల్లో ప్రమాదవశాత్తూ పోయిన ప్రాణాల్లో ముందుండేవి కారు యాక్సిడెంట్లు, నీళ్ళలో మునగడం, కొండ మీంచి పడటం. ఎండదెబ్బ కూడా తక్కువేం కాదు. క్యాంప్‌గ్రౌండ్ అంటే మీరు అనుకుంటున్న నట్టడవి కాదు, వరసగా నంబర్లేసిన సైట్లు, ఒక్కోదానికి ఒక బల్ల, పొయ్యి గుంట, పక్కన ముసలి దంపతులో పిల్లల కుటుంబమో ఉంటారు, క్యాంప్ హోస్ట్ అని ఒకరు అక్కడే మకాం ఉంటారు, రాత్రి పదైతే అందరూ గప్‌చుప్. నన్నడిగితే తెలియని ఊళ్ళో హైవే పక్క మోటెల్ కంటే నాకు అదే నయం. మనుషుల వల్ల ప్రమాదం అసలు ఉండదని అనను. అమ్మాయికి ఎవరి వాలకమైనా నచ్చకపోతే మర్యాద చూసుకోకుండా కారెక్కి హోస్ట్ దగ్గరికి పోవాలి, "ఒక్కదానివేనా" అని అడిగినవాళ్ళకి "మావాళ్ళు వెనకాల వస్తున్నారు" అని చెప్పడానికి మొహమాటపడకూడదు.

కాబట్టి "వద్దు" అనే బదులు ఇవి అడగండి. బయల్దేరే ముందు ఒక కాగితం: ఏ రోజు ఏ క్యాంప్‌గ్రౌండ్, సైట్ నంబర్ ఎంత, కారు రంగు, నంబర్, ఏ ట్రైల్ ఎక్కుతుంది. అది మీకొకటి, అమెరికాలోనే ఉన్న ఒక ఫ్రెండ్‌కొకటి. ఆ ఫ్రెండ్ ముఖ్యం, ఎందుకంటే మీకక్కడ తెల్లవారేటప్పటికి ఇక్కడ సాయంత్రం, మీరు కంగారుపడి చేయగలిగింది తక్కువ, ఆమె అయితే పార్కు వాళ్ళకి ఫోన్ చేయగలదు. "ఫలానా టైమ్‌కి మెసేజ్ రాకపోతే ఫోన్ చెయ్" అని టైమ్ ఫిక్స్ చేసుకోవాలి. ఆ టైమ్ వరకు మీరు ఆగాలి, ఇది మీ వంతు. ఈ పార్కుల్లో పెద్ద భాగంలో సిగ్నల్ ఉండదు, ఫోన్ కలవకపోవడం మామూలు సంగతి, గంటగంటకీ ఫోన్ చేస్తుంటే అమ్మాయి సిగ్నల్ కోసం కొండ అంచుకి పోతుంది, అసలు ప్రమాదం అది.

ఐఫోన్ 14 గాని ఆ తర్వాతవి గాని ఉంటే సిగ్నల్ లేకున్నా ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపొచ్చు, పైన ఆకాశం కనపడాలి, ఇరుకు లోయల్లో కష్టం. తరచూ వెళ్ళే పిల్ల అయితే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం మీరే కొనివ్వండి, పుట్టినరోజుకి చీర కంటే అది పనికొస్తుంది, రోజూ రాత్రి "చేరాను" అని ఒక మాట వస్తే మీకు నిద్ర పడుతుంది. ఇంకొకటి, ఉన్న చోటు ఫోటోలు ఉన్నప్పుడే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొద్దని చెప్పండి, మర్నాడు ఆ చోటు వదిలాక పెట్టుకోమనండి.

ప్రశ్న: జయాన్‌లో ఏంజెల్స్ ల్యాండింగ్, నారోస్ రెండూ ఒంటరిగా చేయొచ్చా? వయసు 41, జిమ్‌కి వెళ్తాను.

జవాబు: జిమ్ సంగతి అలా ఉంచండి, ఏంజెల్స్ ల్యాండింగ్‌కి ముందు పర్మిట్ కావాలి. 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పెట్టారు, సీజన్ వారీగా ఒకటి, ముందు రోజు వేసుకునేది ఒకటి. ముందు రోజుది మధ్యాహ్నం మూడింటి లోపల వేస్తే నాలుగింటికల్లా మెయిల్ వస్తుంది. రాకపోతే గొలుసుల దారి మొదలయ్యే స్కౌట్ లుకౌట్ వరకు పర్మిట్ లేకుండా పోవచ్చు, నిజానికి అక్కడి నుంచే లోయ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఆ పైన ఉన్న అర మైలు గొలుసులు పట్టుకుని సన్నటి రాతి గట్టు మీద పాకడం. అక్కడ ఒంటరితనం సమస్యే కాదు, ముందూ వెనకా జనమే, ఎదురొచ్చేవాళ్ళకి దారివ్వడమే తలనొప్పి. ఎత్తు చూస్తే కళ్ళు తిరిగే మనిషైతే వద్దు. రాయి తడిగా ఉన్నా వద్దు.

నారోస్ అలా కాదు, అది వర్జిన్ నదిలోనే నీళ్ళలో నడక, కింది నుంచి పైకి పోయి అదే దారిన వెనక్కి వచ్చేదానికి పర్మిట్ అక్కర్లేదు. ప్రమాదం వరద. మీ నెత్తి మీద ఎండ కాస్తుంటే ఎక్కడో పైన కురిసిన వాన నిమిషాల్లో గోడలా వచ్చి పడుతుంది, రెండువైపులా నిట్టనిలువు రాయి, ఎక్కడానికి చోటుండదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా మాన్‌సూన్ కాలంలో ఇది మరీ ఎక్కువ. రోజూ పొద్దున విజిటర్ సెంటర్‌లో వరద అవకాశం ఎంతో నాలుగు మెట్లుగా రాసి పెడతారు. అసలు లేదు అంటే వెళ్ళండి. రెండో మెట్టు "ఉండొచ్చు" అంటే గుంపుతో వెళ్ళేవాళ్ళు ఆలోచించుకుంటారు, ఒంటరిగా వచ్చిన మీరు ఇంకేదైనా ట్రైల్ చూసుకోండి. నీళ్ళు హఠాత్తుగా బురదరంగుకి తిరిగినా, పుల్లలు కొట్టుకొస్తున్నా, ఎగువన హోరు వినిపించినా ఫోటో తీయకుండా ఎత్తుగా ఉన్న చోటికి ఎక్కేయండి. పార్కు గేటు బయటి ఊరు స్ప్రింగ్‌డేల్‌లో ప్రత్యేకమైన బూట్లు, కర్ర అద్దెకిస్తారు, కర్ర లేకుండా ఆ గుండ్రాళ్ళ మీద నడవలేరు. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

ప్రశ్న: నేను శాకాహారిని. వంట ఎలా? ఎలుగుబంట్లు వాసనకి వస్తాయా?

జవాబు: విమానంలో వెళ్తుంటే గ్యాస్ డబ్బా చేతి సామానులోనూ, చెక్-ఇన్‌లోనూ కూడా కుదరదు, దిగాక కొనుక్కోవాలి. స్టవ్ అయితే గ్యాస్ వాసన లేకుండా శుభ్రంగా ఉంటే ఫర్వాలేదు. ఒక్కరికి ఒక్క బర్నర్, ఒక్క గిన్నె చాలు. ఇంట్లోనే పోపు వేసి వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వకి మరిగే నీళ్ళు పోసి మూత పెడితే అయిపోతుంది, అటుకులు ఇంకా తేలిక. మొదటి రాత్రికి పులిహోర కట్టుకుపోండి, చేరిన పూట వంట చేసే ఓపిక ఉండదు. నీళ్ళు మనిషికి రోజుకో గ్యాలన్ అని పెట్టుకోండి, వంటకి వేరే. కాన్యన్‌ల్యాండ్స్‌లో ఐలాండ్ ఇన్ ద స్కై వైపు క్యాంప్‌గ్రౌండ్‌లో పన్నెండే సైట్లు, నీళ్ళ కుళాయి లేదు, ముందే నింపుకుని వెళ్ళాలి.

యూటా ఎర్రరాళ్ళ పార్కుల్లో ఎలుగుబంటి కంటే ఉడుతలు, ఎలుకలు, బొంతకాకుల బెడద ఎక్కువ, బల్ల మీద వదిలిన సంచి పది నిమిషాల్లో చిల్లు. తిండి అంతా కారులో పెట్టి తాళం వేయండి. ఉడుతలకి తినిపించడం నేరం, జయాన్‌లో వేళ్ళు కొరికించుకునేవాళ్ళకి కొదవ లేదు. యోసెమిటీలో రూల్ తిరగబడుతుంది, అక్కడ రాత్రిపూట కారులో తిండి ఉంచకూడదు, ఎలుగుబంటి తలుపు విరిచేస్తుంది. సైట్ దగ్గర ఇనప పెట్టె ఉంటుంది, వాసన వచ్చేదేదైనా అందులోకే పోవాలి, టూత్‌పేస్ట్, లిప్ బామ్, ఆవకాయ సీసాతో సహా.

ప్రశ్న: నక్షత్రాలు చూడాలని ఉంది. ఏ పార్కు?

జవాబు: యూటాలోని ఈ అయిదు పార్కులకీ డార్క్ స్కై గుర్తింపు ఉంది, అంటే రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే చోట్లని. జయాన్ లోయలో గోడలు ఆకాశాన్ని కోసేస్తాయి, బ్రైస్ గాని క్యాపిటల్ రీఫ్ గాని మేలు. అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజుల్లో వెళ్ళండి, పౌర్ణమికి వెళ్ళి పాలపుంత కనపడలేదని నాకు రాయొద్దు. హెడ్‌ల్యాంప్‌కి ఎర్ర లైటు ఉండేది కొనండి. కొండ అంచుల్లో చాలా చోట్ల కంచె ఉండదు, చీకట్లో కదిలేటప్పుడు లైటు వేసుకునే కదలండి.

ప్రశ్న: టెంటు వేసుకున్నాక రాత్రి భయమేసి కారెక్కి మోటెల్‌కి వెళ్ళిపోతే? డబ్బు పోతుందని, నవ్వుతారని టెన్షన్.

జవాబు: నవ్వడానికి అక్కడెవరూ లేచి ఉండరు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, కానీ ముందు టెంట్లోంచి కారులోకి మారి తలుపులు లాక్ చేసుకుని ఒక గంట పడుకుని చూడండి, చాలాసార్లు ఆ గంటలోనే నిద్ర పట్టేస్తుంది. ఎందుకు చెప్తున్నానంటే అర్ధరాత్రి ఆ రోడ్ల మీద జింకలు అడ్డొస్తాయి, దగ్గరి ఊళ్ళో మోటెల్ ఆఫీసు మూసేసి ఉండొచ్చు. సాయంత్రమే కారు ముందుభాగం రోడ్డు వైపుకి పెట్టుకోండి, తాళాలు, హెడ్‌ల్యాంప్, బూట్లు రోజూ ఒకే చోట ఉంచండి. రాత్రి వినిపించే చప్పుళ్ళలో సగం మీ టెంటు గుడ్డ గాలికి కొట్టుకునేదే, మేకులు గట్టిగా దిగ్గొట్టి తాళ్ళు బిగిస్తే అది తగ్గుతుంది. పగలు మీరు లేనప్పుడు గాలొస్తే ఖాళీ టెంటు ఎగిరి పక్క సైట్‌లో పడుతుంది, లోపల నాలుగు మూలలా బరువు పెట్టండి. అయినా ఉండలేక వెళ్ళిపోతే సామానంతా చీకట్లో విప్పుకుంటూ కూర్చోవద్దు, టెంటు అలాగే వదిలేసి పొద్దున చెకౌట్ టైమ్ లోపల వచ్చి సర్దుకోండి. తినే సామాను మాత్రం కారులో వేసుకుపోండి.